తెల్లవారుజామున వాగు ఎలా ఉంటుంది?

"వాగు బాగుందో లేదో తెలియాలంటే నీళ్లు సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపితే చాలదా? పురుగుల్ని లెక్కపెట్టడం దేనికి?" అని ఒక పాఠకుడు అడిగారు. మంచి ప్రశ్న. జవాబు మాత్రం ఆ సీసా ఎన్నింటికి నింపారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

మోకాలి లోతు దాటని ఒక వాగు తీసుకుందాం. గట్టున చెట్లు కొట్టేశారు, నీడ లేదు. పొలాల ఎరువు, ఇళ్ల మురుగు కొద్దికొద్దిగా వచ్చి కలుస్తున్నాయి. నైట్రోజన్, ఫాస్ఫరస్ దండిగా దొరికేసరికి రాళ్లన్నిటికీ నాచు పట్టేస్తుంది. ఎండ తగలగానే ఆ నాచు ఆక్సిజన్ వదలడం మొదలుపెడుతుంది, పోగుల మీద బుడగలు కంటికే కనిపిస్తాయి. 20 డిగ్రీల నీళ్లలో మామూలుగా గాలి నుంచి కరిగేది లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాములు. ఇలాంటి వాగులో మధ్యాహ్నం మూడింటికి కొలిస్తే 12 వచ్చినా ఆశ్చర్యం లేదు. రిపోర్టు చూసి అందరూ సంతోషిస్తారు.

పొద్దు గుంకాక ఆక్సిజన్ తయారీ ఆగిపోతుంది. ఊపిరి తీసుకోవడం మాత్రం ఆగదు. నాచు, బ్యాక్టీరియా, అడుగున కుళ్లే ఆకుల మీద బతికే సూక్ష్మజీవులు అన్నీ రాత్రంతా ఆక్సిజన్ లాగేస్తూనే ఉంటాయి. గాలి నుంచి కొత్తగా కరగాలంటే నీళ్లు రాళ్ల మీద విరిగి పారాలి. మందకొడిగా సాగే చోట అది చాలా నెమ్మది. అందుకే గంట గంటకీ పడిపోతూ, సూర్యోదయానికి కాస్త ముందు అట్టడుగుకు చేరుతుంది. మధ్యాహ్నం 12 చూపిన వాగే అప్పుడు 3 చూపించవచ్చు. వేసవిలో ఇంకా కష్టం. 30 డిగ్రీల నీళ్లలో కరిగేదే సుమారు 7.5 మిల్లీగ్రాములు, పైగా వేడికి జీవులన్నిటి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది.

మధ్యాహ్నానికీ తన ప్రమాదం ఉంది. నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేయడంతో పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) పెరుగుతుంది. మురుగుతో వచ్చిన అమ్మోనియంలో విషపూరితమైన అమ్మోనియా రూపం వాటా, 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7లో ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 9కి చేరితే సుమారు 36 శాతం. అంటే ఒకే వాగులో మధ్యాహ్నం ఒక గండం, తెల్లవారుజామున ఇంకో గండం.

ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి 1888 నాటిది, ఇప్పటికీ ల్యాబుల్లో నేర్పిస్తారు. రెండో దశాంశం దాకా సరిగ్గా రావాలని పట్టుబడతాం. నమూనా ఏ వేళప్పుడు తీశావని విద్యార్థిని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక పురుగుల సంగతి. వాగు రాళ్ల మధ్య బతికే స్టోన్‌ఫ్లై అనే పురుగు పిల్లలు జాతిని బట్టి కొన్ని నెలల నుంచి రెండు మూడేళ్ల దాకా నీళ్లలోనే పెరుగుతాయి. అన్ని రాత్రులూ గడిపిన జీవి అది. ఒక్క తెల్లవారుజాము ఊపిరాడకపోయినా పోతుంది. మళ్లీ ఎక్కడి నుంచో పెద్ద పురుగులు ఎగిరొచ్చి గుడ్లు పెట్టేదాకా ఆ చోటు ఖాళీ. వాతావరణ కేంద్రంలో కనిష్ఠ ఉష్ణోగ్రతను పట్టి ఉంచే థర్మామీటరు ఉంటుంది. తర్వాత ఎండ ఎంత కాసినా దాని గుర్తు అట్టడుగునే ఆగి ఉంటుంది. వాగులో ఆ పని చేసేవి ఈ పురుగులు. మనం మధ్యాహ్నం వెళ్లి చూసినా అవి తెల్లవారుజాము సంగతే చెబుతాయి.

గలగలా పారే చోట వల అడ్డం పెట్టి, ఎగువన కాలితో రాళ్లు కదిపి, వలలో పడ్డవాటిని తెల్లటి ట్రేలో పోయండి. మేఫ్లై అనే ఇంకో వాగు పురుగు పిల్లకు పొట్ట రెండు పక్కలా ఆకు ఆకారపు పల్చని మొప్పలు అదేపనిగా ఆడుతుంటాయి. స్టోన్‌ఫ్లైకి రెండే తోకలు. ట్రేలో కదలని నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ తగ్గేకొద్దీ అది కాళ్లు నేలకు తన్నిపెట్టి ఒళ్లంతా పైకీ కిందకీ ఊపడం మొదలుపెడుతుంది, అచ్చం దండీలు తీసినట్టే. మొప్పల చుట్టూ నీటిని కదిలించుకునే ప్రయత్నం అది. చూశాక వెంటనే వాగులో వదిలేయండి. ఎర్రగా మెలికలు తిరిగే కైరోనమస్ అనే పురుగు పిల్లలకు ఆ అవస్థ చాలా తక్కువ. వాటి ఒంట్లో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే హిమోగ్లోబిన్ ఉంది. నీళ్లలో పురుగు కనిపిస్తే చాలు నీళ్లు పాడైనట్టేనని నమ్మేవాళ్లు చాలామంది. ఏ పురుగో చూడకుండా ఆ మాట అనకూడదు.

దీన్ని అంకెల్లో పెట్టినవాళ్లున్నారు. 1976లో బ్రిటన్‌లో ఏర్పడిన ఒక కార్యవర్గం రూపొందించిన పద్ధతిలో ఒక్కో కుటుంబానికి, అంటే దగ్గరి పోలికలున్న జీవుల గుంపుకు, 1 నుంచి 10 మార్కులు. చాలా స్టోన్‌ఫ్లై కుటుంబాలకు 10, కైరోనమస్ కుటుంబానికి 2, బురదలో ఉండే వానపాము జాతులకు 1. ఎక్కువసేపు వెతికితే మొత్తం మార్కులు పెరుగుతాయి కాబట్టి, కుటుంబాల సంఖ్యతో భాగించి వచ్చే సగటునే నేను ఎక్కువగా నమ్ముతాను. ఇతర ప్రాంతాల్లో అక్కడి జీవులకు తగ్గట్టు ఈ మార్కుల్ని సవరించుకోవాలి.

సగటు తక్కువొస్తే మీటరు పట్టుకుని చీకటితోనే వాగు దగ్గరికి వెళ్లండి. అప్పుడు కూడా ఆక్సిజన్ 6 దాటి ఉంటే తప్పు ఊపిరిది కాకపోవచ్చు. పురుగుమందులు ఏమైనా కలుస్తున్నాయేమో చూడాలి. లేదా ఒక రాయి తిప్పి చూడండి. దాని అడుగు ఒండ్రులో కూరుకుపోయి ఉంటే, ఈ పురుగులు దాక్కునే సందులే అక్కడ లేవు.