వానల్లో సఫారీ, ఎండల్లో భయం: నల్లమలకు వచ్చేవాళ్ల అపోహలు - వాస్తవాలు

శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తారని టీవీలో చూపించిన మరుసటి రోజు నుంచి మా లాడ్జ్ ఫోన్ ఆగదు. "అన్నా, నీళ్లు చూసుకుని వస్తూ వస్తూ మీ దగ్గర ఒక రాత్రి ఉండి, పొద్దున సఫారీ చేసి పోతాం, రూమ్ ఉందా?" అని అడుగుతారు. మేముండేది ఆత్మకూరు దాటాక దోర్నాల వైపు, నల్లమల అంచున. గెస్టులు వచ్చిన దగ్గర నుంచి బండెక్కేదాకా వాళ్ల సఫారీ, అడవి నడక, పక్షులు చూపించడం, పిల్లలతో కార్యక్రమాలు, అన్నీ చూసుకునేది నేను. సఫారీ ఇప్పుడు లేదు, అక్టోబర్‌లో రండి అని చెప్పగానే అవతలి గొంతు మారిపోతుంది. కొందరు అప్పటికే మధ్యలో ఎవరికో డబ్బులు కట్టేసి ఉంటారు. ఏటా ఇదే జరుగుతోంది కాబట్టి ముందు దీని గురించే వివరంగా రాస్తాను, మిగతావి తర్వాత.

అపోహ: వానాకాలంలో అడవి పచ్చగా ఉంటుంది కాబట్టి జంతువులు బాగా కనిపిస్తాయి. ఎండాకాలంలో అన్నీ ఎండిపోయి అడవిలో ఏమీ మిగలదు.

వాస్తవం దీనికి సరిగ్గా ఎదురు. మొదటి సంగతి, జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా మన నల్లమలలోని నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో సఫారీలు మూసేస్తారు. లాడ్జ్ వాళ్లతో ఎంత పరిచయం ఉన్నా, ఎవరి సిఫారసు తెచ్చినా జీపు లోపలికి వెళ్లదు. మహారాష్ట్రలో తాడోబా, మధ్యప్రదేశ్‌లో కన్హా, బాంధవ్‌గఢ్ పులుల అడవుల కోర్ ప్రాంతాలు కూడా ఆ మూడు నెలలూ మూసే ఉంటాయి. కర్ణాటకలో బందీపూర్, కబిని వైపు వానల్లోనూ సఫారీ నడుపుతూ వచ్చారు. అక్కడికి పోయివచ్చినవాళ్లు ఇక్కడా అంతే అనుకుని నేరుగా బయలుదేరుతున్నారు.

ఎందుకు మూస్తారు అంటే వాట్సాప్‌లో తిరిగే జవాబు ఒకటుంది, అది పులులు జతకట్టే కాలం, ఆ టైములో మనుషులు కనబడితే మీద పడతాయి అని. ఇది విన్నప్పుడల్లా నాకు విసుగు వస్తుంది. పులికి ఫలానా నెలలోనే జతకట్టాలని లేదు, ఏడాదిలో ఎప్పుడైనా జతకడుతుంది, మూడున్నర నెలలకు పిల్లలు పెడుతుంది. కొన్ని జంతువులకు అది పిల్లలను సాకే కాలమే, కాదనను. కానీ కళ్లముందు కనిపించే కారణం దారులు. అడవిలో ఉన్నవి మట్టిబాటలు. నాలుగు వానలు పడ్డాక వాటి మీద రోజూ జీపులు తిప్పితే చక్రాల గాడి లోతుగా దిగబడి, అందులోంచే నీళ్లు పారి, కొన్నాళ్లకు బాట కాస్తా వంక అవుతుంది. వాగు పొంగితే ఇవతలి జీపు ఇవతలే. గస్తీ తిరిగే సిబ్బందికే కష్టమైన రోజుల్లో అరవై ఏళ్ల పెద్దవాళ్లనూ ఐదేళ్ల పిల్లలనూ ఎక్కించుకుని లోపలికి పోతామా?

ఒకవేళ పోనిచ్చినా ఏం కనిపిస్తుందో ఆలోచించండి. ప్రతి వంకలోనూ నీళ్లు, ప్రతి గుంటలోనూ నీళ్లు. దుప్పికి నీటి కోసం బాట దాటాల్సిన పనే లేదు. బోద గడ్డి నడుము దాకా పెరిగి ఉంటుంది, చెట్లు కమ్ముకుని పది అడుగుల అవతల ఏముందో తెలియదు. పచ్చదనం ఫోటోకు బాగుంటుంది, నిజమే, కానీ జంతువు ఆ పచ్చదనం వెనకే ఉండిపోతుంది.

ఒక ఆగస్టులో అనంతపురం నుంచి ఒక కుటుంబం వచ్చింది. తాత, అవ్వ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. రెండు వందల కిలోమీటర్లకు పైగా కారులో వచ్చారు. వాళ్లకు టూర్ మాట్లాడిపెట్టిన మనిషి సఫారీతో కలిపి డబ్బులు తీసుకున్నాడట, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. చిన్నోడు మెడలో బైనాక్యులర్ వేసుకుని దిగాడు. వాళ్ల నాన్న నా మీద కోప్పడ్డాడు, నేనేమీ అనలేదు, ఆ కోపం న్యాయమే, కాకపోతే అది చేరాల్సిన మనిషి వేరే. అవ్వ మాత్రం "పోనీలే నాయనా, మా కోసం ఒక్క జింకనన్నా చూపించు" అంది. మరునాడు పొద్దున్నే వాళ్లను వెలుగోడు రిజర్వాయర్ కట్ట మీద పక్షులు చూపించి, అటు నుంచి నందికొట్కూరు వైపు రోళ్లపాడు పంపించాను. అక్కడ కృష్ణజింకలు గుంపులుగా కనిపించాయని సాయంత్రం ఫోన్ చేసి చెప్పారు. వానల్లోనే రావాలి, వేరే సెలవు దొరకదు అనేవాళ్లకు నేను చెప్పేదీ ఇదే. రోళ్లపాడు దట్టమైన అడవి కాదు, గడ్డిమైదానం. వానలకు కొత్త గడ్డి వచ్చి కళకళలాడుతుంది, దాపు లేని చోటు కాబట్టి దూరం నుంచే జింకలు కనిపిస్తాయి. వెళ్లేముందు అక్కడి అటవీ సిబ్బందిని అడిగి కదలండి, అంతే.

ఇక ఎండాకాలం. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి నల్లమలలో ఆకు రాలుతుంది. మనది ఆకురాల్చే అడవి, నల్లమద్ది, ఏపి, తపసి చెట్లన్నీ బోసిగా నిలబడతాయి, మోదుగ ఒక్కటే ఎర్రగా పూసి ఉంటుంది. చూసేవాళ్లకు అడవి చచ్చిపోయినట్టు అనిపిస్తుంది, ఫోటోలు పంపితే "ఇదేం అడవి సార్, మా ఊరి బీడు లాగుంది" అంటారు. కానీ ఆ బోడి చెట్ల మధ్య నుంచి వంద గజాల దూరంలో నడిచే కణితి (సాంబార్ జింక) కూడా కనిపిస్తుంది. వంకలు ఎండిపోతాయి, మిగిలిన నీళ్లు కొన్ని చోట్లే. అటవీశాఖ వాళ్లు సాసర్ పిట్లు, అంటే నేలలో పళ్లెంలా ఉండే నీటి తొట్లు కట్టి ట్యాంకర్లతో, సోలార్ బోర్లతో నింపుతుంటారు. దుప్పి, కణితి, అడవిపంది, నెమలి, వాటి వెనకే వచ్చే చిరుత, రేచుకుక్కలు (అడవికుక్కలు), అన్నిటికీ దాహం వేస్తుంది, అన్నీ అక్కడికే రావాలి. ఏప్రిల్‌లో ఇప్ప పూలు రాలే చోటుకు, మేలో తునికి పండ్లకు ఎలుగుబంటి వస్తుంది. ఈ లెక్కలన్నీ మాకు నేర్పింది మాతో పనిచేసే చెంచు గైడ్లు. ఏ చెట్టు కింద ఏ నెలలో ఎవరు తింటారో చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాళ్లు వాళ్లు.

కడప నుంచి రిటైరైన ఒక టీచరమ్మ మే నెలలో వచ్చింది. మనవరాలికి సెలవులు అప్పుడే కాబట్టి వచ్చింది కానీ ఆమెకు ఇష్టం లేదు. కడపలో చూడని ఎండా ఇక్కడ చూడాలా అని దిగీదిగగానే అనేసింది. మధ్యాహ్నం కదలనివ్వలేదు, అన్నం తిని పడుకోమన్నాను. సాయంత్రం జీపులో తీసుకెళ్లి ఒక సాసర్ పిట్‌కు దూరంగా ఇంజిన్ ఆపేసి కూర్చున్నాం. చాలాసేపు నెమళ్లు తప్ప ఏమీ లేదు. పాప విసుక్కుంటోంది. అప్పుడు కొండముచ్చు ఒకటి గట్టిగా దగ్గినట్టు అరిచింది, మా గైడ్ వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. పొదల్లోంచి తల్లి ఎలుగు వచ్చింది, వీపు మీద రెండు పిల్లలు బొచ్చు పట్టుకుని వేలాడుతున్నాయి. నీళ్ల దగ్గర దిగి, తాగి, మళ్లీ ఎక్కాయి. ఆ టీచరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, జీపు తిరిగి క్యాంపుకు వచ్చేదాకా వదల్లేదు. ఇలాంటిది ఆగస్టులో చూపించమంటే నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

అయితే ఎండ ఎండే. నలభై దాటుతుంది, దాన్ని తక్కువ చేసి చెప్పను. పొద్దున తెల్లారేసరికి జీపులో ఉండాలి, పదకొండు నుంచి మూడు దాకా నీడలోనే ఉండాలి, మళ్లీ పొద్దు వాలాక బయటికి. జంతువులూ అదే పద్ధతిలో తిరుగుతాయి కాబట్టి మధ్యాహ్నం పడుకుంటే మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. నీళ్ల సీసా, తడి తువ్వాలు, ఓఆర్ఎస్, పలచటి నూలు బట్టలు తెచ్చుకోండి, మజ్జిగ మేమిస్తాం. గర్భిణులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఏ కాలమైనా జీపు ఎక్కొద్దు, ఆ బాటల్లో కుదుపులు మామూలుగా ఉండవు. మరీ చిన్న పిల్లలుంటే మాత్రం డిసెంబర్, జనవరి మంచిది. అప్పుడు తెల్లవారుజామున ఓపెన్ జీపులో చలి కోస్తుంది, స్వెటర్, చెవులకు మఫ్లర్ తప్పనిసరి. అక్టోబర్, నవంబర్ నెలల్లో అడవి అందంగా ఉంటుంది, వాగులు పారుతుంటాయి, నడకకు హాయి. జంతువుల కన్నా అడవినే చూడాలనుకునేవాళ్లకు నేను చెప్పే నెలలు అవి.

ఎండాకాలానికి సంబంధించిన మాట ఇంకొకటి. ఆ ఎండుటాకు మీద ఒక్క బీడీ ముక్క పడితే చాలు. సఫారీలో సిగరెట్ వద్దు అంటే "ఇక్కడెవరు చూస్తారు" అనేవాళ్లున్నారు. నేను జీపు ఆపేసి వెనక్కి తిప్పేస్తాను, డబ్బులు ఎవరు కట్టినా సరే.

అపోహ: దేశంలోనే పెద్ద పులుల అభయారణ్యం కాబట్టి పులి గ్యారంటీగా కనిపిస్తుంది.

పెద్దదే. మన నాగార్జునసాగర్ శ్రీశైలం విస్తీర్ణం 3,296 చదరపు కిలోమీటర్లు, తాడోబా 1,727. కానీ ఇంత పెద్ద అడవిలో ఉన్న పులులు వందలోపే, అవీ కొండలు, లోయలు, రాతి గుట్టల్లో పరుచుకుని ఉన్నాయి. పులి కోసమే అయితే తాడోబాకు వెళ్లండి, మేమేమీ అనుకోము. అక్కడ రూమ్ బుక్ చేస్తే సఫారీ బుక్ అయినట్టు కాదని మాత్రం గుర్తుంచుకోండి. పర్మిట్ వేరుగా, ఒక్కొక్కరి పేరు మీద, గుర్తింపు కార్డు నంబరుతో తీసుకోవాలి. మంగళవారం మూసి ఉంటుంది. ఇక్కడ మా దగ్గర బాట మీద పొద్దున్నే పడిన పులి అడుగు చూసి, దుప్పి అరుపు విని, అది ఎటు పోయిందో గైడ్ చెప్తుంటే వినడం ఉంటుంది. "పులిని చూపించకపోతే డబ్బులు వాపస్" అని గైడ్‌ను నిలదీయకండి దయచేసి. ఆ ఒత్తిడికి లొంగి డ్రైవర్ బాట వదిలి పొదల్లోకి బండి తిప్పితే నష్టపోయేది ఆ జంతువు, తర్వాత ఆ డ్రైవర్ ఉద్యోగం.

అపోహ: లాడ్జ్ అడవి పక్కనే కాబట్టి రాత్రి చిరుత వచ్చి పిల్లలను ఎత్తుకుపోతుంది.

ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద నాకు విసుగు లేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపాక ప్రతి తల్లీ ఇదే అడుగుతోంది, అడగాలి కూడా. సఫారీలో జీపు, అందులోని మనుషులు కలిసి జంతువు కంటికి ఒకే పెద్ద ఆకారం. లేచి నిలబడకుండా, కిందికి దిగకుండా, కేకలు వేయకుండా ఉన్నంతసేపు అది మనల్ని పట్టించుకోదు. ప్రమాదం ఉండేది చీకటిపడ్డాక ఒంటరిగా, పెద్దవాళ్ల కన్నా ముందు పరిగెత్తే పిల్లలకు. అందుకే మా దగ్గర పొద్దుగూకాక పిల్లల చెయ్యి పెద్దవాళ్ల చేతిలో ఉండాలి, టార్చ్ లేకుండా కాటేజీ దాటకూడదు, తిండి పదార్థాలు బయట పారేయకూడదు. చెత్తకు కుక్కలు, పందులు వస్తే వాటి కోసం చిరుత వస్తుంది. ఆ మూడూ పాటిస్తే నిశ్చింతగా పడుకోండి, టెన్షన్ వద్దు. చెంచుల్లో పెద్దవాళ్లను అడిగితే పులి కన్నా, చిరుత కన్నా ఎలుగంటేనే ఎక్కువ జాగ్రత్త అంటారు, ఎదురుపడితే అది ఆలోచించదు. నడకలో గైడ్ ఆగమంటే ఆగాల్సింది అందుకే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రాత్రి సఫారీ లేదు, ఎక్కువ డబ్బులిచ్చినా లేదు. తెల్ల చొక్కా, ఎర్ర చీర, గాఢమైన సెంటు వద్దు, మట్టిరంగు బట్టలు వేసుకోండి. కోతులకు బిస్కెట్లు పెట్టడం పుణ్యం కాదు, తర్వాత వచ్చే గెస్టు సంచీ లాక్కునేలా వాటికి నేర్పడం. డ్రోన్ తేవొద్దు. రోళ్లపాడులో బట్టమేక పిట్టను చూడొచ్చని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. దాని కోసమే 1988లో ఆ అభయారణ్యం పెట్టారు, కానీ ఇప్పుడు అక్కడ ఆ పక్షి కనిపిస్తుందన్న ఆశతో వెళ్లకండి, కృష్ణజింకల కోసం వెళ్లండి.

శ్రీశైలం దర్శనంతో కలిపి పెట్టుకునేవాళ్లకు: ఘాట్ దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. దర్శనం చేసుకుని రాత్రికి మా దగ్గరికి వచ్చేస్తాం అనుకుంటే గేటు దగ్గర కారులో నిద్ర. ముందు మా దగ్గర ఉండి, పొద్దున సఫారీ అయ్యాక టిఫిన్ చేసి కొండకు వెళ్లడమే తేలిక. డబ్బులు కట్టేముందు లాడ్జ్ నంబరుకే నేరుగా ఫోన్ చేసి, ఆ తేదీల్లో సఫారీ గేటు తెరిచి ఉందా, నా పేరు మీద సీటు పడిందా అని రెండూ అడగండి. మధ్యవర్తి ఎంత తెలిసినవాడైనా సరే, మీరే అడగండి.