పురుగున్న చేప, పురుగు లేని చేప

చి. బన్నుకి, చి. సిరికి,

అమ్మమ్మ ఆశీస్సులు.

మృగశిర కార్తె రోజు మీ ఇంట్లో జరిగిన గొడవంతా మీ అమ్మ ఫోన్లో చెప్పింది బన్నూ. కొరమీను కడుపు కోస్తే లోపల కందిగింజంత పసుపురంగు బుడగలు ఉన్నాయట, ఒకటి చిదిమితే పురుగు కదిలిందట, నువ్వు కేకలు పెట్టి చేప మొత్తం పారేయించి, ఇక జన్మలో చేప ముట్టనని ఒట్టేశావట. నువ్వు పంపిన ఫొటో చూసి డాలస్‌లో ఉన్న సిరికి టెన్షన్ పట్టుకుంది. "అమ్మమ్మా, నేను సుషీ తింటాను కదా, నా పొట్టలో కూడా ఉంటాయా?" అని అడిగింది. ఫోన్లో చెబితే ఇద్దరూ సగమే వింటారు, అందుకని రాస్తున్నాను. సిరీ, తెలుగు చదవడం కష్టమైతే మీ అమ్మ చేత చదివించుకో. దానికీ కాస్త అక్షరాలు గుర్తుకొస్తాయి.

ముందు ఆ పురుగు సంగతి. కాలేజీలో జువాలజీ చెప్పే రోజుల్లో పిల్లల చేత కొరమీనుల్ని, మట్టగిడసల్ని కోయించినప్పుడల్లా మాకు కనిపించే పాత చుట్టమే అది. పేరు యూక్లినోస్టోమమ్. బల్లపరుపు పురుగుల జాతి. దాని బతుకంతా కొంగ కోసమే. కొంగ ఒంట్లో ఉన్నప్పుడే అది పెద్దదై గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు చెరువులో పడి, పొదిగి, పిల్లలు నీటి నత్తలోకి దూరతాయి. నత్తలో ఒక్కటి వందలవుతుంది. అవి తోకలతో ఈదుకుంటూ బయటికొచ్చి చేపను పట్టుకుంటాయి. చేపలోకి వెళ్లాక చుట్టూ సంచి కట్టుకుని కూర్చుంటాయి, ఎప్పటికైనా ఒక కొంగ ఈ చేపను మింగకపోతుందా అని. మనిషి ఆ దారిలోనే లేడు బన్నూ. నువ్వు చెత్తబుట్టలో వేయించిన పురుగు ఎదురుచూసింది ఏ కొల్లేటి కొంగ కోసమో. పులుసులో పడి ఉడికితే అదీ కాస్తంత మాంసకృత్తే.

చేప ముక్క లోపలిదాకా 63 డిగ్రీల వేడి తగలాలని అమెరికా వాళ్లు చెబుతారు. మన పులుసు కుతకుతలాడేది 100 డిగ్రీల దగ్గర. బుడగలున్న చోటు కోసి తీసేసి, కడుపు శుభ్రం చేసి వండుకుంటే ఆ చేపకు ఏ లోటూ లేదు. అసహ్యం వేయడం వేరే సంగతి, దానికి నా దగ్గర మందు లేదు.

అన్ని పురుగులూ ఇంత అమాయకమైనవి కావు. మనిషిని తమ దారిలో కలుపుకున్నవీ ఉన్నాయి. మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ కొండవాగుల్లో పట్టిన పీతల్ని పచ్చిగానో, సగం కాల్చో తినే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ పీతల్లో పారగోనిమస్ అనే పురుగు పిల్లలు ఉంటాయి. తిన్నాక అవి పేగు గోడను తొలుచుకుని, పైకి పాకి, ఊపిరితిత్తుల్లో కాపురం పెడతాయి. దగ్గు వస్తుంది, దగ్గులో రక్తం పడుతుంది. చూసినవాళ్లు టీబీ అనుకుంటారు. నెలల తరబడి టీబీ మందులు మింగినా తగ్గదు. 1980ల్లో మణిపూర్‌లో ఈ గుట్టు బయటపడింది. తీరా చూస్తే కొద్దిరోజుల ప్రాజిక్వాంటెల్ మాత్రలతో పోయే జబ్బు! మన వైపు పీతల్ని పచ్చిగా ఎవరూ తినరు కానీ, పచ్చి పీత కోసిన పలక మీదే కడగకుండా దోసకాయ తరిగేవాళ్లను నేను చూశాను. ఆ పని మాత్రం చేయకండి.

థాయ్‌లాండ్ ఈశాన్యాన ఇసాన్ అనే ప్రాంతంలో సంగతి ఇంకా ఘోరం. అక్కడ చెరువు చేపల్ని పచ్చిగా తరిగి నిమ్మరసం, కారం, ఆకులు కలిపి 'కోయ్ ప్లా' అని ఇష్టంగా తింటారు. ఆ చేపల్లో ఉండే ఒపిస్థోర్కిస్ అనే పురుగు మనిషి కాలేయంలోని పైత్యరస నాళాల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆ నాళాలకు వచ్చే క్యాన్సర్ ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా ఉన్నది అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఆ పురుగును, పొగాకును ఒకే వర్గంలో పెట్టింది. నిమ్మకాయ పిండగానే ముక్క తెల్లబడుతుంది కదా, అందుకని ఉడికినట్టే అనుకుంటారు. మారేది రంగే, పురుగు చావదు.

సిరీ, ఇక నీ సుషీ. సముద్రపు చేపల్లో ఉండే అనిసాకిస్ అనే పురుగుకు అసలు ఇల్లు తిమింగలం పొట్ట. రొయ్యల్లాంటి చిన్న జీవుల్లోంచి చేపల్లోకి, చేపల్లోంచి తిమింగలంలోకి పోతుంది. మధ్యలో ఎవరైనా ఆ చేపను పచ్చిగా తింటే, దారి తప్పి వాళ్ల పొట్ట గోడలో తల గుచ్చుతుంది. కొన్ని గంటల్లోనే మెలికలు తిరిగేంత కడుపునొప్పి. జపాన్ డాక్టర్లు ఎండోస్కోపీ గొట్టం వేసి, దాన్ని పట్టుకుని బయటికి లాగేస్తారు. అమెరికాలో పచ్చిగా వడ్డించే చేపల్లో చాలావాటిని ముందే మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు గానీ, మైనస్ 35లో గడ్డకట్టించి 15 గంటలు గానీ ఉంచాలి. కాబట్టి పద్ధతిగా నడిచే హోటల్లో తింటే నీకు భయం లేదు. మీ ఇంట్లో ఫ్రిజ్‌ను నమ్ముకుని సొంతంగా మాత్రం చేయకు. అది అంత చల్లబడదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ పొయ్యి మీదో, గట్టి మంచులోనో చచ్చేవి. అందుకే వాటంటే నాకు పెద్ద భయం లేదు. ఫొటోకు దొరకని వాటితోనే నాకు భయం.

ఒక్క విషయం ఆలోచించు బన్నూ. ఆ పసుపు బుడగలు చేపలోకి రావాలంటే చెరువులో నత్త బతికుండాలి, గట్టున కొంగ వాలాలి. ఫ్యాక్టరీ విషం కలిసిన నీళ్లలో ముందు నత్తలు పోతాయి, వాటితో పాటు ఆ పురుగూ పోతుంది. అక్కడ పట్టిన చేపను కోసి చూస్తే ఒక్క బుడగా కనిపించదు. నువ్వు దాన్ని మంచి చేప అంటావు. మురుగంతా ఒకటే రకమని కాదు, ఇళ్ల మురుగు కొద్దిగా కలిస్తే నత్తలూ పురుగులూ పెరగడం కూడా ఉంటుంది. కానీ పురుగు లేకపోవడం ఒక్కటే చూసి చేప మంచిదనుకోకూడదు. 1990ల్లో జర్మన్ శాస్త్రవేత్తలు చబ్ అనే నది చేపను, దాని పేగులో ఉండే ముళ్లతల పురుగును పక్కపక్కన పెట్టి సీసం కొలిచారు. చేప కండలో కంటే పురుగు ఒంట్లో రెండువేల రెట్లకు పైగా ఉంది. ఇప్పుడు నీళ్లలో సీసం సంగతి తేల్చడానికి ఆ పురుగునే సాక్షిగా వాడొచ్చంటున్నారు. నేను పాఠం చెప్పే రోజుల్లో ఆ పురుగు బొమ్మ గీసి భాగాలు రాయించడమే తప్ప, దానికింత పని ఉందని ఎవరికి తోచింది?

మినమాత గురించి తప్పకుండా చెప్పాలి. జపాన్‌లో క్యుషు దీవిలో సముద్రం ఒడ్డున చిన్న ఊరు. చిస్సో అనే కంపెనీ 1932 నుంచి అక్కడ అసిటాల్డిహైడ్ తయారుచేస్తూ, పాదరసం కలిసిన నీళ్లను సముద్రంలోకి వదిలింది. 1950ల్లో మొదట పిల్లులకు పిచ్చెత్తింది. బెస్తల ఇళ్ల చుట్టూ చేపలు తిని బతికే పిల్లులు గిరగిరా తిరిగి, కాళ్లు వంకర్లు పోయి, కొన్ని సముద్రంలో పడి చచ్చిపోయేవి. ఆ తరువాత మనుషులకు వచ్చింది. చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, చూపు చుట్టూ మూసుకుపోవడం. 1956 మే 1న ఆ కంపెనీ ఆసుపత్రి డాక్టరు హొసొకావా హజిమే, అంతుబట్టని నరాల జబ్బు వస్తోందని ఆరోగ్య శాఖకు కబురు పంపాడు. 1959లో ఆయనే ఫ్యాక్టరీ నీళ్లు కలిపిన తిండి ఒక పిల్లికి పెట్టి చూశాడు. ప్రయోగంలో ఆ పిల్లి నంబరు 400. దానికీ అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. 1968 దాకా పాదరసం సముద్రంలోకి పోతూనే ఉంది, జబ్బుకు కారణం ఫ్యాక్టరీయేనని ప్రభుత్వం ఒప్పుకున్నదీ ఆ ఏడాదే. ఆ అఖాతంలో చేప మళ్లీ తినొచ్చని ప్రకటించడానికి 1997 వచ్చింది. ఇన్నేళ్లూ ఆ చేపలు చూడ్డానికి ఎలా ఉన్నాయంటే, మామూలుగానే ఉన్నాయి. వాసన లేదు, మచ్చ లేదు, పురుగు లేదు.

మిథైల్ పాదరసం చేప కండలోని మాంసకృత్తుల్ని పట్టుకుని ఉంటుంది. పసుపు, ఉప్పు రాసి ఎంత రుద్ది కడిగినా పోదు, ఉడికించినా పోదు. నీరు ఇగిరి ముక్క చిన్నదైతే గ్రాముకు లెక్క ఇంకాస్త పెరుగుతుంది కూడా. నీళ్లలో ఉన్నది రవ్వంతే. నాచులో కొంచెం, దాన్ని తిన్న పురుగులో ఇంకొంచెం, దాన్ని తిన్న చిన్న చేపలో మరికొంచెం, ఇలా పోగుపడి, ఏళ్ల తరబడి బతికి తోటి చేపల్ని తినే పెద్ద చేపకు వచ్చేసరికి నీళ్లలో కంటే లక్షల రెట్లు అవుతుంది. అందుకే నెత్తళ్లు, కవళ్లు, కానాగంతల్లాంటి పొట్టి ఆయుష్షు చేపలే మేలు. పెద్ద సొర, కొమ్ముకోనాం లాంటివి పిల్లలు తినకపోతే నష్టమేమీ లేదు. మార్కెట్లో పెద్ద చేపకే గౌరవం, ధర. నా లెక్కలో పది రూపాయల కుప్పే గెలుస్తుంది.

గుల్లల సంగతి ఇంకో రకం. ఆల్చిప్ప మన ఇంటి వాటర్ ఫిల్టర్ లాంటిది. రోజంతా నీళ్లు లోపలికి లాగి, అందులోని తిండిని పట్టుకుని, నీళ్లు వదిలేస్తుంది. ఫిల్టర్‌లో మడ్డి చేరినట్టే దాని ఒంట్లో మురుగులోని వైరస్‌లు చేరతాయి. 1988లో షాంఘైలో మురుగు కలిసిన చోట పట్టిన గుల్లల్ని వేడినీళ్లలో అలా ముంచి తీసి తిన్నారు, దాదాపు 3 లక్షల మందికి కామెర్లు వచ్చాయి. హెపటైటిస్-ఎ అన్నమాట. వాటిని బాగా ఉడికించి ఉంటే తప్పిపోయేది. కానీ సముద్రంలో ఒక్కోసారి విషపు నాచు పెరిగి, ఆ విషం గుల్లల్లో చేరుతుంది. దానికి ఉడికించడం పనిచేయదు. 1997లో కేరళలో విళింజం దగ్గర అలాంటి గుల్లలు తిని ఏడుగురు చనిపోయారు. మన కాకినాడ వైపు గుల్లల్ని ఎక్కువగా సున్నం కోసమే ఏరేవారు, ఆ రకంగా మనం బతికిపోయామేమో!

మన ఊరి సంగతి చెప్పకుండా జపాన్, చైనా అని తిరిగితే మీ తాతయ్య ఊరుకోరు. విజయవాడ మురుగును బుడమేరు, ఏలూరు మురుగును తమ్మిలేరు తెచ్చి కొల్లేట్లో కలుపుతాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు. చుట్టూ చేపల చెరువులు. ఆ చెరువుల్లో శీలావతికి, బొచ్చెకు పేను పడుతుంది. ఆర్గులస్ అంటారు, కంటికి కనిపిస్తుంది. చేప గట్టుకు ఒరుసుకుంటుంది, బరువు తగ్గుతుంది, రైతుకు నిద్ర పట్టదు. మనిషికి ఆ పేను ఏమీ చేయదు. కానీ దాన్ని చంపడానికి పొలాల్లో కొట్టే పురుగుమందే చెరువులో పోసేవాళ్లున్నారు. రొయ్యల్లోనూ ఇదే వరస. తెల్లమచ్చ వైరస్ గానీ, రొయ్యను ఎదగనివ్వని ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి గానీ తిన్నవాళ్లకు అంటవు. వాటికి భయపడి వాడిన నిషిద్ధ యాంటీబయాటిక్ మాత్రం రొయ్యలోనే మిగులుతుంది. విదేశాలకు వెళ్లిన కంటైనర్లు వెనక్కి వచ్చేది అందుకే. నేను రైతును తిట్టను, చెరువు మీద అప్పు ఉన్నవాడి కంగారు నాకు తెలుసు. మందు ఎంత పోయాలో, పట్టుబడికి ఎన్నాళ్ల ముందు ఆపాలో చెప్పే మనిషి ఊరూరా ఉండాలి. దుకాణంవాడే డాక్టరైతే ఇలాగే ఉంటుంది.

వంటింట్లో చేయగలిగింది కొంత ఉంది. పేగులు, కాలేయం, మొప్పలు తీసేయండి, సీసం, కాడ్మియం లాంటివి కండలో కంటే అక్కడే ఎక్కువ చేరతాయి. పొట్ట కింది కొవ్వు తీస్తే కొవ్వులో దాక్కునే పాత పురుగుమందులు కొంత తగ్గుతాయి. రొయ్య వీపు మీది నల్ల నరం నరం కాదు, పేగు. లాగి పారేయండి. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువులో గాలమేసి పట్టినది మాత్రం, ఎంత పెద్దదైనా, ఇంటికి తేవద్దు.

ఇంకో ముఖ్యమైన పని మిగిలింది. వచ్చే నెలలో మీ పిన్నికి పురుడు. పాలు పడతాయని బాలింతకు సొరపిట్టు పెట్టడం మన వైపు ఎప్పటినుంచో ఉంది. నేనూ తిన్నాను, ఆ రుచికి వంక పెట్టలేను. ఎదురింటి మామ్మగారు ఇప్పటికే చేపలమ్మికి చెప్పి ఉంచారట. కానీ గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు సొర మానాలని అమెరికా ఆహార సంస్థ చెబుతుంది. మినమాతలో కొందరు తల్లులు తాము బాగానే ఉండి, పుట్టిన బిడ్డలు నడవలేక, మాట్లాడలేక పోయారు. పిట్టుకు వాడే చిన్న పాలసొరలో పెద్ద సొరంత పాదరసం ఉండదనుకో, అయినా పోయి పోయి దాన్నే ఎందుకు తినాలి? మామ్మగారితో వాదించే ఓపిక నాకు లేదు. బొచ్చె ముక్కలు ఉడకబెట్టి, ముళ్లు తీసి, అదే వెల్లుల్లి, అదే అల్లం వేసి పిట్టు చేసి పెడతాను. ఆవిడ కనిపెట్టకపోతే మీరు చెప్పకండి.

బన్నూ, ఎండు నెత్తళ్లు కొరియర్లో వేశాను, రాగానే ఒకసారి ఎండలో పెట్టమని అమ్మకు చెప్పు. వంకాయలో వేసి వండితే నీ ఒట్టు ఎన్నాళ్లు నిలుస్తుందో ఫోన్ చేసి చెప్పు.

మీ అమ్మమ్మ