ఫ్రాన్స్ సూపర్ కప్పు, ఫ్రాన్స్‌లో తప్ప ఎక్కడైనా

జూలై 31, 2022 ఆదివారం, టెల్ అవీవ్. పారిస్ క్లబ్ పీఎస్‌జీ 4, నాంట్ క్లబ్ 0. సస్పెన్షన్ వల్ల ఎంబాపె ఆడకపోయినా తేడా ఏమీ పడలేదు. మెస్సీ గోల్‌కీపర్‌ని పక్కకి తప్పించి మొదటి గోల్ కొట్టాడు, నెయ్‌మార్ రెండు వేశాడు, డిఫెండర్ రామోస్ కూడా మడమతో ఒకటి తోసేశాడు. నాంట్ ఆటగాడు కాస్టెల్లెటోకి రెడ్ కార్డ్ పడేసరికే మ్యాచ్ చేయి దాటిపోయింది. లీగ్ విజేతకీ ఫ్రెంచ్ కప్ విజేతకీ మధ్య 'ట్రోఫీ దె షాంపియన్' పేరుతో జరిపే ఈ తంతు ఇంకా ఎందుకు అని మళ్లీ గోల మొదలైంది.

అందరూ 2011లో పీఎస్‌జీని కొన్న ఖతార్ డబ్బుని తిడుతున్నారు. నిజమే, 2013 నుంచి 2022 దాకా జరిగిన పది మ్యాచ్‌ల్లో తొమ్మిది వాళ్లవే. కానీ ఏకపక్షం ఫ్రాన్స్‌కి కొత్తా? 2002 నుంచి 2007 దాకా లియోన్ వరసగా ఆరుసార్లు ఇదే కప్పు ఎత్తుకుపోయింది.

నన్నడిగితే అసలు మలుపు 2009. ఆ ఏడాది మ్యాచ్‌ని మాంట్రియల్‌కి పట్టుకెళ్లారు. బయట దేశాల్లో మన లీగ్‌కి ప్రచారం, కొత్త ప్రేక్షకులు అని లీగ్ వాదన. సరే. తర్వాత ట్యునిస్, టాంజియర్, న్యూజెర్సీ. అదృష్టం కొద్దీ ఆ మూడేళ్లూ ఆట అదిరింది. రెండుసార్లు పెనాల్టీ షూటౌట్ దాకా వెళ్లింది. మధ్యలో 2011లో లిల్ 3-1తో ముందుండగా ఆఖరి నిమిషాల్లో అంతా తల్లకిందులై మార్సే 5-4తో గెలిచింది, ఆండ్రే అయూ హ్యాట్రిక్. లిల్ లీగూ కప్పూ రెండూ గెలవడంతో లీగ్ రన్నరప్‌గా వచ్చిన జట్టు మార్సే! అలాంటి మ్యాచ్ చూశాక వేదిక గురించి ఎవరడుగుతారు? తప్పు అక్కడే కప్పబడిపోయింది.

2014 చూడండి. గాంగాం అంటే ఏడు వేల చిల్లర జనాభా ఉన్న ఊరు. ఆ ఊరి జట్టు ఫ్రెంచ్ కప్ గెలిస్తే, పీఎస్‌జీతో ఆడే ముచ్చట చూడాలంటే అభిమాని బీజింగ్ వెళ్లాలి. ఇబ్రహిమోవిచ్ మొదటి సగంలోనే రెండు కొట్టేశాడు, అయిపోయింది. నాంట్ వాళ్లదీ అదే గోడు. 2000 తర్వాత మొదటిసారి ఫ్రెంచ్ కప్ గెలిచి, మే నెలలో స్టాద్ ద ఫ్రాన్స్‌ని హోరెత్తించిన జనం ఈ మ్యాచ్‌కి టీవీ ముందు కూర్చోవాల్సి వచ్చింది. బలహీనమైన జట్టుకి ఉండే ఒకే ఒక్క ఆసరా స్టాండ్లో అరిచే సొంత మనుషులు, దాన్ని కూడా తీసేసి "పోటీ ఇవ్వలేదు" అంటే ఎలా?

2021లో ఇదే టెల్ అవీవ్‌లో లిల్ 1-0తో పీఎస్‌జీని ఓడించింది కదా అని కొందరు గుర్తుచేస్తున్నారు. లిల్ ఆటగాడు షెకా దూరం నుంచి కొట్టిన గోల్ అద్భుతమే, కాదనను. కాకపోతే ఆ రోజు అవతలి జట్టులో నెయ్‌మార్ లేడు, ఎంబాపె లేడు, మార్కీన్యోస్ లేడు. మెస్సీ అయితే ఇంకా సంతకమే పెట్టలేదు.