బట్ట తిరగేసి చూస్తే తెలిసేవి: షాపింగ్ మీద అపోహలు – వాస్తవాలు

నేను చేసేది బట్టల రిపేర్లు, ఆల్టరేషన్లు. అంతకుముందు ఎక్స్‌పోర్ట్ గార్మెంట్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్‌లో చేసేదాన్ని. అందుకని ఏ బట్ట చేతికొచ్చినా ముందు లోపలివైపుకి తిప్పేస్తా, అది అలవాటైపోయింది. కొనేవాళ్ళు మాత్రం రంగు చూస్తారు, ట్యాగ్ చూస్తారు, అద్దంలో ఓసారి చూసుకుని బిల్లు కట్టేస్తారు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి అనే మాటల్లో ఎక్కువగా వినిపించేవి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: రేటు ఎక్కువైతే క్వాలిటీ కూడా ఎక్కువే

సగం నిజం, అంతే. రేటులో గుడ్డ, కుట్టుకూలితో పాటు యాడ్స్ ఖర్చు, షోరూమ్ అద్దె, బ్రాండ్ పేరు అన్నీ కలిసే ఉంటాయి, దేనికి ఎంత అనేది ట్యాగ్ మీద రాయరు కదా. అదే బట్ట తిరగేస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ప్యాంట్ అయితే వెనక నడుము దగ్గర మధ్య కుట్టు చూడండి. మంచి ప్యాంట్‌లో అక్కడ కనీసం ఒక అంగుళం గుడ్డ లోపల వదిలి ఉంటుంది, రేపు ఒళ్ళొస్తే కుట్టు విప్పి లూజు చేసుకోవచ్చు. చాలా రెడీమేడ్లలో అంచుదాకా కత్తిరించి ఓవర్‌లాక్ (అంచు దారాలు ఊడకుండా మెషీన్ వేసే కుట్టు) కొట్టేసి ఉంటుంది, వాటిని టైట్ చేయగలను గానీ లూజు చేయమంటే గుడ్డ నేనెక్కడినుంచి తెచ్చేది? ఖరీదైన ప్యాంట్ తెచ్చి "మేడమ్ కొంచెం వదులు చేయండి" అంటారు, తిప్పి చూపిస్తే వాళ్ళ మొహం చూడాలి.

షర్ట్ అయితే పక్క కుట్టు చూడండి. అంచు లోపలికి మడిచి రెండు వరసలు కుట్టి ఉంటే ఏళ్ళ తరబడి ఉంటుంది, ఒక వరస కుట్టి ఓవర్‌లాక్‌తో వదిలేస్తే అంత రాదు. తర్వాత కుట్టుకి రెండువైపులా పట్టుకుని మెల్లగా లాగండి, మధ్యలో దారాలు పళ్ళికిలిస్తే కుట్లు దూరం దూరంగా పడ్డాయని అర్థం. అంగుళానికి పది పన్నెండు కుట్లున్నా బానే ఉన్నట్టు, ఏడెనిమిదే ఉంటే ఫ్యాక్టరీ టైమ్ మిగుల్చుకుందన్నమాట. చారల షర్ట్ అయితే జేబు మీద చార, ఒంటి మీద చార కలిశాయా లేదా చూడండి, కలపాలంటే గుడ్డ కూడా ఎక్కువ పోతుంది, కటింగ్ మాస్టర్‌కి ఓపిక కూడా కావాలి, అక్కడ శ్రద్ధ పెట్టినవాళ్ళు మిగతాచోట కూడా పెట్టే ఉంటారు.

ఇంకోటి బటన్లు. చాలా ఫ్యాక్టరీ మెషీన్లు ఒకే దారంతో గొలుసుకుట్టు వేస్తాయి, వెనక వేలాడే ఆ చిన్న దారం కొస పట్టుకుని లాగితే బటన్ మొత్తం ఊడి చేతికొస్తుంది. ఖరీదైన వాటిలో కూడా చూశాను. కొన్నరోజే సూదీదారంతో నాలుగు పోగులు గట్టిగా వేసి ముడేసుకుంటే ఆ గొడవ ఉండదు, పది నిమిషాల పని.

అపోహ: చేతికి బరువుగా, గట్టిగా తగిలితే మంచి గుడ్డ

గంజి, రకరకాల ఫినిషింగ్ కెమికల్స్‌తో పల్చటి గుడ్డని కూడా దిట్టంగా అనిపించేలా చేయొచ్చు. మొదటి ఉతుకుతో అది కాస్తా పోతుంది, మీ చేతిలో దోమతెర మిగుల్తుంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, పడుగూ పేకా దగ్గర దగ్గరగా, ఒకే తీరుగా ఉన్నాయా లేక మధ్యలో సన్నటి ఖాళీలు కనిపిస్తున్నాయా అని. గుప్పిట్లో నలిపి వదిలితే ముడతలు పడే తీరు కూడా కొంత చెప్తుంది. చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో జీఎస్ఎమ్ అని రాస్తారు కదా, అది బరువు మాత్రమే చెప్తుంది, నూలు ఎలాంటిదో చెప్పదు.

అపోహ: నూటికి నూరు శాతం కాటన్ అయితే కళ్ళు మూసుకుని కొనొచ్చు

కాటన్‌లో కాటన్‌కే చాలా తేడా. పీచు పొడుగ్గా ఉన్న పత్తితో తీసిన నూలు నున్నగా, గట్టిగా ఉంటుంది, పొట్టి పీచుదైతే కొసలు బయటికొచ్చి గుడ్డ మీద ఉండలు కడుతుంది. ట్యాగ్ మీద రెండూ కాటనే.

నీళ్ళ సంగతి కూడా ఉంది. ఒక కాటన్ టీషర్ట్‌కి దాదాపు 2,700 లీటర్ల నీళ్ళు పడతాయని ప్రకృతి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ చెప్పే లెక్క. అది సగటు, వర్షాధారంగా పండిన పత్తికీ నదినీళ్ళు మళ్ళించి పండించిన పత్తికీ చాలా తేడా ఉంటుంది. మధ్య ఆసియాలో ఆరల్ సముద్రంలోకి వచ్చే నదుల్ని సోవియట్ కాలంలో ఎక్కువగా పత్తి కోసమే మళ్ళించారు, ఆ సముద్రంలో చాలా భాగం ఎండిపోయి ఎడారైంది. అలా అని పాలిస్టర్ మంచిదనడం లేదు, అది పెట్రోలియం నుంచి వచ్చేది, ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్ళలోకి వదుల్తుంది. కానీ వానకోటుకి, ఈత బట్టలకి కాటన్ పనికిరాదు. సాక్స్‌లో కొంచెం నైలాన్ కలిస్తే మడమ దగ్గర తొందరగా చిల్లు పడదు. దేనికి వాడతారో దాన్నిబట్టి చూసుకోవడమే.

అపోహ: వెదురు బట్ట అంటే ప్రకృతికి దగ్గర

ఇది వింటే నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది. మెత్తగా ఉండే ఆ "బ్యాంబూ" గుడ్డ దాదాపు ఎప్పుడూ విస్కోసే. వెదురుని గుజ్జు చేసి కెమికల్స్‌లో కరిగించి మళ్ళీ దారంగా లాగుతారు, ఆ పద్ధతిలో వాడే కార్బన్ డైసల్ఫైడ్ ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ నరాలకి హాని చేసే విషం. అంతా అయ్యాక అందులో వెదురు గుణం అంటూ ఏమీ మిగలదు. అమెరికాలో కొనేవాళ్ళని మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2009లోనే ఇలాంటి ప్రచారం చేసిన కంపెనీల మీద చర్య తీసుకుంది, 2022లో అయితే కోల్స్, వాల్‌మార్ట్ అనే పెద్ద స్టోర్ల కంపెనీలు రెండూ కలిపి 55 లక్షల డాలర్లు కట్టాల్సొచ్చింది. ఇదే జాతిలో కాస్త మేలైంది కావాలంటే లయోసెల్ చూడండి, అందులో గుజ్జుని కరిగించే ద్రావకాన్ని దాదాపు మొత్తం తిరిగి పట్టుకుని వాడతారు.

అపోహ: పచ్చ ఆకు బొమ్మ ఉంది కాబట్టి ఎకో ఫ్రెండ్లీ

ఆకు బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు. పేరున్న సర్టిఫికెట్లు వేరు, అవి కూడా ఒక్కోటి ఒక్కో సంగతే చెప్తాయి. గాట్స్ (ఆర్గానిక్ బట్టలకిచ్చే సర్టిఫికెట్) అని ఉంటే కనీసం 70 శాతం ఆర్గానిక్ పీచు ఉండాలి, "ఆర్గానిక్" అని పూర్తిగా వేసుకోవాలంటే 95 శాతం, రంగులు కెమికల్స్ మీద, పనివాళ్ళ పరిస్థితుల మీద కూడా రూల్స్ ఉంటాయి. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అంటే ఆ బట్టలో ఒంటికి హాని చేసే పదార్థాలు పరిమితి దాటలేదని మాత్రమే, పత్తి ఎలా పండిందో కుట్టినవాళ్ళకి ఎంత ఇచ్చారో దానికి సంబంధం లేదు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

అపోహ: చీప్ బ్రాండ్లవాళ్ళే పనివాళ్ళని పిండుతారు, పెద్ద బ్రాండ్ కొంటే మనకి పాపం అంటదు

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావర్‌లో గార్మెంట్ ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా అనే బిల్డింగ్ కూలిపోయింది, 1,134 మంది చనిపోయారు. ముందు రోజే గోడల్లో పగుళ్ళు కనిపించాయి. అదే బిల్డింగ్‌లో ఉన్న బ్యాంకు తన స్టాఫ్‌ని రావద్దంది, షాపులు మూసేశారు, పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్ళని మాత్రం పొద్దున్నే పనిలోకి రమ్మన్నారు. ఆర్డర్ టైమ్‌కి వెళ్ళాలి కదా మరి. అక్కడ ప్రైమార్క్ లాంటి చౌక బ్రాండ్‌కీ కుట్టారు, బెనెటన్ లాంటి అంతకంటే ఖరీదు బ్రాండ్‌కీ కుట్టారు.

ఫ్యాక్టరీలో చేసినదాన్నిగా చెప్తున్నా, ఇందులో వింతేమీ లేదు. ఒకే ఫ్లోర్ మీద ఈ వారం ఒక లేబుల్ నడుస్తుంది, వచ్చే వారం ఇంకోటి, మెషీన్ మీద కూర్చున్న అమ్మాయి కూలి లేబుల్‌ని బట్టి మారదు. బ్రాండ్లు రేటు తగ్గించమంటూ టైమ్ కూడా తగ్గిస్తే ఆ భారం చివరికి లైన్‌లో కూర్చున్నవాళ్ళ మీదే పడుతుంది. రానా ప్లాజా తర్వాత బ్రాండ్లూ యూనియన్లూ కలిసి చట్టబద్ధంగా కట్టుబడేలా అకార్డ్ అని ఒప్పందం చేసుకున్నారు, బంగ్లాదేశ్ ఫ్యాక్టరీల్లో తనిఖీలు, ఫైర్ డోర్లు, బిల్డింగ్ రిపేర్లు దానివల్ల నిజంగానే జరిగాయి. కూలి సంగతి మాత్రం అందులో లేదు.

కొనేవాళ్ళుగా ఏం చూడొచ్చంటే, ఆ బ్రాండ్ తన ఫ్యాక్టరీల పేర్లు, అడ్రెస్‌లు బయటపెడుతుందా లేదా. పెట్టినంత మాత్రాన మంచోళ్ళు అయిపోరు, కానీ పేరు బయట ఉంటే అక్కడ ఏదైనా జరిగినప్పుడు అడగడానికి యూనియన్లకి ఆధారం ఉంటుంది. "మేడ్ ఇన్" అని చూసి మురిసిపోకండి, చాలాసార్లు అది చివరికి కుట్టిన చోటు మాత్రమే, నూలు ఒక దేశంలో, నేత ఇంకోచోట, రంగు మరోచోట అయ్యుండొచ్చు.

అపోహ: పాతవి డొనేట్ చేస్తున్నాం, కొత్తవి కొంటే తప్పేంటి

ఇచ్చినవన్నీ ఎవరో ఒకరు వేసుకుంటారని అనుకోకండి. చాలావరకు బేళ్ళు కట్టి వేరే దేశాలకి అమ్ముతారు. ఘనా రాజధాని అక్రాలో ఉన్న కంటమాంటో అనే పాత బట్టల మార్కెట్‌కి అలా వచ్చే బేళ్ళలో పనికిరానివి బోలెడు ఉంటాయి, అక్కడి వ్యాపారులు బేలు విప్పకుండా కొనాలి, చెత్త వస్తే నష్టం వాళ్ళదే. చిలీలో అటకామా ఎడారిలో పారేసిన బట్టల గుట్టల ఫోటోలు మీరూ చూసే ఉంటారు. రీసైకిల్ అయిపోతాయిలే అంటే అదీ లేదు, బట్టలు మళ్ళీ కొత్త బట్టలుగా మారేది ఒక శాతం కూడా లేదని 2017లో ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ రిపోర్ట్ చెప్పింది, కాటన్ పాలిస్టర్ కలిపి నేసినదాన్ని విడదీయడం అంత తేలిక కాదు.

ఉన్నదాన్నే ఎక్కువ కాలం వేసుకోవడం వల్ల వచ్చే లాభం పెద్దది. బ్రిటన్‌లో చెత్త తగ్గించడం మీద పనిచేసే ర్యాప్ సంస్థ లెక్క ప్రకారం బట్టల వాడకం ఇంకో తొమ్మిది నెలలు పెరిగితే కార్బన్, నీళ్ళు, చెత్త ఒక్కోటి 20 నుంచి 30 శాతం వరకు తగ్గుతాయి. నా షాపు కోసం చెప్తున్నాననుకున్నా పర్లేదు గానీ జిప్ పాడైతే ప్యాంట్ పారేయకండి, చాలాసార్లు రన్నర్ (జిప్ మీద పైకీ కిందకీ జరిగే ముక్క) మారిస్తే సరిపోతుంది.

అపోహ: ఫిట్టింగ్ తర్వాత టైలర్ చూసుకుంటాడు

అన్నీ చూసుకోలేం! పొడుగు తగ్గించడం, నడుము పట్టించడం, చేతులు కురచ చేయడం, ఒంటిపక్క లూజు తీయడం, ఇవి సులువు. భుజాలు మాత్రం ముట్టుకోలేం అనే చెప్పాలి, ముఖ్యంగా కోటుకి, భుజం తగ్గించాలంటే చెయ్యి విప్పి, లైనింగ్ విప్పి, మళ్ళీ మొత్తం కట్టుకురావాలి, అయ్యే ఖర్చుకి కొత్తదే వస్తుంది. అందుకే ట్రయల్ రూమ్‌లో భుజం కుట్టు మీ భుజం ఎముక చివర సరిగ్గా కూర్చుందా అనేది ముందు చూసుకోండి, మిగతాది సర్దుకోవచ్చు. స్టైల్ అంటే ట్రెండ్ అనుకుంటారు గానీ ఒంటికి సరిగ్గా కూర్చున్న సాదా షర్ట్ ముందు లూజుగా వేలాడే డిజైనర్ షర్ట్ ఎక్కడా ఆగదు.

అపోహ: వేరేవాళ్ళు వేసుకున్నవా, ఛీ

ఉతికితే పోతుంది కదండీ. షాపులో కొత్తది కూడా ఎంతమంది ట్రయల్ వేశారో ఎవరికి తెలుసు. సెకండ్ హ్యాండ్‌లో చూడాల్సినవి వేరే ఉన్నాయి: చంకలు, కాలర్ లోపలి మడత, ప్యాంట్ తొడల మధ్య అరుగుదల. గుడ్డలోనే కలిపి నేసిన ఎలాస్టిక్ సాగిపోతే నేను కూడా ఏమీ చేయలేను, వదిలేయండి. మిగతా అంతా బేరం.

అపోహ: నా సైజ్ మీడియం, ఎక్కడైనా మీడియమే

ఒక్కో బ్రాండ్ మీడియం ఒక్కోలా ఉంటుంది, పైగా కొందరు కస్టమర్ సంతోషపడతారని నంబర్ తగ్గించి వేస్తారు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మీ దగ్గర బాగా కుదిరిన షర్ట్ ఒకటి బల్ల మీద పరిచి భుజం నుంచి భుజం, చంక నుంచి చంక, కాలర్ కింద నుంచి అంచుదాకా టేపుతో కొలిచి ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ఒంటి కొలతల చార్ట్ కాకుండా బట్ట కొలతల చార్ట్ ఉంటే దాంతో పోల్చి చూసుకోండి, అది లేకపోతే అడగండి, అడిగినా చెప్పకపోతే వేరే చోట చూసుకోవడం మేలు.