గని తవ్వకముందే నేల సంగతి తేలాలి

కుప్పానికి దగ్గర్లో, కర్ణాటక సరిహద్దు అవతల ఉన్న కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మన గుడుపల్లె మండలంలోని చిగరగుంట, బిసానత్తం గనులు కూడా అదే భారత్ గోల్డ్ మైన్స్ సంస్థవి. అక్కడా పని ఆగింది. గని మూశాక నేలను ఏం చేస్తారో ముందే రాసివ్వాలన్న నియమం 2003లో గానీ రాలేదు. కోలారులో బంగారం వేరు చేశాక మిగిలిన సైనైడ్ కలిసిన మట్టి దిబ్బలు ఆ ఆలస్యానికి సాక్ష్యం.

2003లో యంత్రాలతో తవ్వే గనులకు నేలను బాగుచేస్తామన్నందుకు హెక్టారుకు 25 వేల రూపాయల హామీ సొమ్ము పెట్టారు. 2017కు అది 3 లక్షలైంది. బొగ్గుకు వేరే దారి. 2009 మార్గదర్శకాల ప్రకారం ఓపెన్‌కాస్టు గనికి హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష లెక్కగట్టి, ఏటేటా ఎస్క్రో ఖాతాలో, అంటే కంపెనీ తనంతట తాను తీసుకోలేని ఖాతాలో, జమ చేయాలన్నారు. చేసిన పనిని తనిఖీ చేశాకే, అయిదేళ్లకోసారి, అందులో 80 శాతం దాకా వెనక్కివ్వాలని అందులో రాశారు. కంపెనీ వెళ్లిపోయాక డబ్బు కోసం వెంటపడే పని లేకుండా చేసిన ఏర్పాటిది. అసలు మేలు ఇక్కడే ఉంది.

అయితే నేల ఎవరిది? 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద తీసుకున్న భూమి బొగ్గు అయిపోయినా రైతుకు తిరిగి రాదు. అలాంటి భూముల వాడకంపై కేంద్రం 2022లో తెచ్చిన విధానం కూడా యాజమాన్యాన్ని ప్రభుత్వ బొగ్గు కంపెనీల దగ్గరే ఉంచి, లీజుకు మాత్రమే ఒప్పుకుంది.

గని మూశాక ఆ నేలలో ఏం వేయాలన్నది మట్టే తేలుస్తుంది. పైమట్టిని ముందే విడిగా తీయాలి. ఎత్తుగా పోసి ఏళ్ల తరబడి వదిలేస్తే అడుగున గాలాడక జీవం చస్తుంది, దానిమీద మొక్క నిలవదు. ఓబీ గుట్ట (బొగ్గు పైనుంచి తీసిన మట్టి, రాళ్ల కుప్ప) ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది కాబట్టి పెద్ద కట్టడాలు పనికిరావు. వాలు తగ్గించి గడ్డి, చెట్లు పెంచొచ్చు. కుంగడం ఆగిన చోట సోలార్ పలకలు పెట్టొచ్చు.

ఈ జమల నియమాలేవీ మన చిత్తూరు జిల్లా గ్రానైటుకు వర్తించవు. దానికి 1999 నాటి నిబంధనలున్నాయి. పైమట్టిని కాపాడమని అవీ చెబుతాయి. క్వారీ గుంతకు గోడల్లా నిలువు అంచులుంటాయి. వానకు నీళ్లు నిండితే పశువు దిగినా, పిల్లాడు దిగినా పైకి రాలేరు. చెరువుగా వాడుకోవాలంటే ముందు ఒక పక్క మెట్లుగా కోసి, వాలు దారి వేసి, మిగతా చుట్టూ కట్ట పోయాలి. యంత్రాలు క్వారీలో ఉండగానే ఇది చవకగా అయ్యే పని. లీజు ముగిసి అవి వెళ్లిపోతే ఆ ఖర్చు పంచాయతీ నెత్తిన పడుతుంది.