సి డ్రైవ్ నిండిపోయిందా? అపోహలు - వాస్తవాలు

సి డ్రైవ్ గీత ఎర్రబడగానే టెన్షన్‌తో చాలామంది చేసే మొదటి పని ఫొటోలు తీసేయడం. రిపేరుకు వచ్చే సిస్టమ్స్‌లో నాకు బాధ కలిగించేది ఇదే. పిల్లల ఫొటోలు పోయి ఉంటాయి, డ్రైవ్ మాత్రం నిండే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ తర్వాత స్టోరేజ్ తెరిస్తే ఏది ఎంత జాగా తింటోందో కనిపిస్తుంది. అది చూశాకే దేన్నైనా ముట్టుకోండి.

అపోహ: డెస్క్‌టాప్ మీద ఉన్నవి సి డ్రైవ్‌లోకి లెక్కకు రావు.

వాస్తవం: మామూలుగా డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ మూడూ సి డ్రైవ్‌లోనే ఉంటాయి. కంప్యూటర్‌లో టెలిగ్రామ్ నుంచి దింపిన సినిమాలు చేరేది కూడా డౌన్‌లోడ్స్‌లోకే. ముందు డి డ్రైవ్‌లో ఒక కొత్త ఫోల్డర్ చేసుకోండి. తర్వాత డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్‌కి వెళ్లి, మూవ్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. నేరుగా డి డ్రైవ్‌నే చూపిస్తే తర్వాత చిక్కుల్లో పడతారు.

అపోహ: డిలీట్ కొడితే జాగా వచ్చేసినట్టే.

వాస్తవం: రీసైకిల్ బిన్ ఖాళీ చేసేదాకా రాదు.

అపోహ: విండోస్ ఫోల్డర్‌లోని విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ (WinSxS) ఫోల్డర్ అంతా పాత చెత్త, తీసేయొచ్చు.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి, విండోస్ ఆన్ కాకుండా పోవచ్చు. అందులోని చాలా ఫైళ్లు సిస్టమ్32 వంటి ఫోల్డర్లలో కనిపించే ఫైళ్లే. డిస్క్ మీద ఉన్నది ఒకటే ఫైలు, కనిపించేది రెండు చోట్ల. అందుకే సైజు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. డిస్క్ క్లీనప్ తెరిచి, సిస్టమ్ ఫైల్స్ క్లీనప్ బటన్ నొక్కి, విండోస్ అప్‌డేట్ క్లీనప్‌కి టిక్ పెట్టండి. తీసేయదగ్గవేవో విండోసే చూసుకుని తీసేస్తుంది. విండోస్ కొత్త వెర్షన్‌కి మారినప్పుడు పాతదాన్ని దాచి ఉంచే విండోస్ డాట్ ఓల్డ్ (Windows.old) ఫోల్డర్ మామూలుగా 10 రోజులకు దానంతటదే పోతుంది. ముందే తీసేస్తే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే దారి ఉండదు. ఇంకో జాగ్రత్త: సెట్టింగ్స్‌లోని టెంపరరీ ఫైల్స్ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది. అన్నిటికీ టిక్ పెట్టుకుంటూ పోతే మీ సర్టిఫికెట్ల పీడీఎఫ్‌లు కూడా ఎగిరిపోతాయి.

అపోహ: ప్రోగ్రామ్ ఫైల్స్‌ని కట్ చేసి డి డ్రైవ్‌లో పేస్ట్ చేస్తే సరి.

వాస్తవం: చాలా సాఫ్ట్‌వేర్లు ఆ తర్వాత తెరుచుకోవు. అన్‌ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డి డ్రైవ్ ఎంచుకోవాలి.

అపోహ: డీఫ్రాగ్ చేస్తే ఖాళీ పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. ఫైళ్ల ముక్కలు ఒకచోటికి చేరతాయంతే.

అపోహ: డి డ్రైవ్‌ని ష్రింక్ చేస్తే (సైజు తగ్గిస్తే), వచ్చిన జాగాని సి డ్రైవ్‌కి కలిపేయొచ్చు.

వాస్తవం: విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ (డ్రైవ్ సైజు పెంచే ఆప్షన్) పనిచేయాలంటే ఖాళీ జాగా సి డ్రైవ్‌కి కుడిపక్కనే, ఆనుకుని ఉండాలి. డి డ్రైవ్‌ని ష్రింక్ చేస్తే ఖాళీ వచ్చేది దాని చివర్లో. మధ్యలో డి డ్రైవ్ అలాగే ఉంటుంది కాబట్టి ఎక్స్‌టెండ్ ఆప్షన్ నొక్కడానికే వీలుండదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో సి పక్కనే రికవరీ పార్టిషన్ (విండోస్‌ని బాగుచేసే ఫైళ్ల కోసం డిస్క్‌లో విడిగా ఉంచిన భాగం) అడ్డుగా ఉంటుంది. పార్టిషన్లను జరిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, మధ్యలో కరెంటు పోతే డేటా మొత్తం పోయే ప్రమాదం ఉంది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి బ్యాకప్ తీసి, ఆ ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే ఆ పని మొదలుపెట్టండి.