గిన్నెలో చుక్కలు

చిరంజీవులకు,

ఆకాశాన్ని చూడటానికి టెలిస్కోపు ఉండగా వేల ప్రాసెసర్ల సూపర్ కంప్యూటర్ దేనికని అడిగారు కదా, వాన పడుతున్న ఈ రాత్రి దానికి జవాబు రాస్తున్నాను.

ఆకాశం నుంచి కంటికి కనిపించని ఎక్స్-కిరణాలు కూడా వస్తాయి. వాటిని వాతావరణం పైనే పీల్చేసుకుంటుంది కనుక, 1962లో రికార్డో జక్కోనీ బృందం రాకెట్ పంపి, వృశ్చిక రాశి వైపు నుంచి వచ్చే కిరణాలను కొద్ది నిమిషాల్లోనే పట్టుకుంది. 1970లో ఆ కిరణాలను చూడటానికే ఉహురు ఉపగ్రహం వెళ్లింది. ఇలాంటి పరికరాలకు చేరేవి విడివిడి ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు. ఒక్కొక్కటి ఎప్పుడు తగిలిందో అవి రాసిపెడతాయి.

చిన్నప్పుడు మా ఇల్లు కారుతుంటే కింద గిన్నె పెట్టేవారు. ఆ చప్పుడు వింటూ మంచం పట్టె మీద వేలితో తాళం వేసేవాణ్ణి. తాళం సరైనదైతే చుక్కా వేలూ కలిసి పడేవి, కాస్త తేడా ఉన్నా పది చుక్కలకల్లా దారి తప్పేవి. ఒకసారి తాళం దొరికిందని అన్నయ్యను నిద్రలేపాను; తీరా చూస్తే రెండు చోట్ల నుంచి కారుతున్న చుక్కలు కాసేపు అలా కలిశాయంతే.

సెంటారస్ ఎక్స్-3 అనే నక్షత్రాల జంటలోని న్యూట్రాన్ నక్షత్రం (పెద్ద నక్షత్రం పేలాక మిగిలే చిన్న, చిక్కటి గోళం) దాదాపు 4.8 సెకన్లకోసారి మెరుస్తుందని ఉహురు కొలతలే చెప్పాయి. అయితే అది సుమారు 2.1 రోజులకోసారి తన జంట నక్షత్రాన్ని చుట్టి వస్తూ ఒకసారి మనకు దగ్గరగా, ఒకసారి దూరంగా ఉంటుంది కనుక, మెరుపులు 40 సెకన్ల దాకా ముందూ వెనకా అవుతాయి. అంటే గిన్నె కూడా గదిలో తిరుగుతోందన్నమాట! మెరుపు బాగా మసకగా ఉండి, తాళమూ కక్ష్యా రెండూ తెలియనప్పుడు, తాళానికి 1000, కక్ష్య కాలానికి 1000, కక్ష్య వెడల్పుకు 1000 ఊహలు వేసినా మొత్తం 100 కోట్ల ప్రయత్నాలవుతాయి. ఒక ప్రయత్నం మరొకదాని కోసం ఆగనక్కరలేదు కాబట్టి వాటిని వేల ప్రాసెసర్లకు పంచవచ్చు. ఇన్ని వేళ్లు తాళం వేస్తే ఏదో ఒకటి ఊరికే కలుస్తుంది కనుక, నాలాగా తొందరపడి ఎవరినీ నిద్రలేపకుండా, ఎన్ని ప్రయత్నాలు చేస్తే అంత గట్టి రుజువు అడుగుతారు.

సిగ్నస్ ఎక్స్-1 అనే మరో జంటలోని కృష్ణబిలం దగ్గర నా గిన్నె పనికిరాదు. అక్కడ ఇలాంటి తాళమే లేదు. సుడి తిరుగుతూ లోపలికి జారే వేడి వాయువును కంప్యూటర్‌లోనే నడిపించి చూడాలి. అది తలచుకుంటే నాకు మాట రాదు.

వాన వెలిశాక చూరు కింద నిలబడి, ఒక్క ధారనే ఎంచుకుని తాళం వేయండి. ఎన్నో చుక్కకు తప్పిందో నాకు రాయండి.

మీ తాతయ్య